రెండో ఓటు కోసం ఆగిన సంతకం

పన్నుల్లేని దేశం ఒకటి కళ్ళారా చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మాది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి వ్యాపారం. నా వయసంతా పర్మిట్ల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ధాన్యం జిల్లా దాటాలంటే ఒక కాగితం, గానుగ పెట్టాలంటే ఇంకొక కాగితం, ఆ రెండు కాగితాలూ ఇచ్చే గుమస్తా సీట్లో ఉండాలంటే మన అదృష్టం. ఆ మంటతోనే మేం కొందరం రైతులూ, వర్తకులూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. సర్కారు దొంగల్ని పట్టుకోవాలి, సరిహద్దులు కాయాలి, అంతకుమించి మనిషి జోలికి రాకూడదు. మా సిద్ధాంతం ఇంతే.

తాలూకాలో మా ఓట్లు ఎవర్నీ గెలిపించేటన్ని కావు. కానీ ఓడించడానికి సరిపోతాయి. అందుకే పెద్ద పార్టీ వాళ్ళు మమ్మల్ని కలుపుకున్నారు. అది ఆచారం, పెద్దరికం, పరువు అనే పార్టీ. వాళ్ళకి మా స్వేచ్ఛ గొడవ ఎక్కదు, మాకు వాళ్ళ పెద్దరికం పడదు. అయినా వేదిక మీద పక్కపక్కన కూర్చుని ఒకరి దండలు ఒకరికి సర్దుతూ ఉంటాం.

ఈ ఏడు, అంటే ఎనభై అయిదు ఫిబ్రవరిలో, నా కోరిక తీరింది. మా మేనల్లుడు సత్తిబాబు కువైట్‌లో ఒక టోకు వర్తకుడి దగ్గర స్టోర్ కీపరు. ఆ వర్తకుడికి మా ఎండుకొబ్బరి నమూనాలు చూడాలనిపించి నాకు వీసా పంపాడు. బయల్దేరే ముందు మా సంఘం కార్యదర్శి, "స్వేచ్ఛా వ్యాపారం ఎలా ఉంటుందో కళ్ళారా చూసొచ్చి మన పత్రికలో నాలుగు ముక్కలు రాయండి" అన్నాడు. రాశాను. ఆయన అడిగింది మాత్రం ఇది కాదు.

విమానాశ్రయం

సుంకాల్లేని దేశంలో నన్ను మొట్టమొదట ఆపింది కస్టమ్స్ వాళ్ళే. నా సంచిలో ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలున్నాయి. ఆఫీసరు ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. పొర విప్పాడు. లోపల ఇంకో పొర. అదీ విప్పాడు. ఆయన అవి కాగితాలనుకున్నాడని, మధ్యలో ఏదో రాసుంటుందని వెతుకుతున్నాడని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. నేను ఒకటి చటుక్కున నోట్లో వేసుకుని నమిలి చూపించాను. ఆయన నన్ను చూసి, పక్కవాడిని పిలిచి, నన్ను మళ్ళీ నమలమన్నాడు. నాలుగు పూతరేకులు తిన్నాక వదిలారు. నెయ్యి అంటిన చేత్తోనే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టారు.

బయటికి వచ్చేసరికి చలి. అరబ్బు దేశం అంటే ఎండలనుకుని పలచటి లాల్చీలు నాలుగు పట్టుకెళ్ళాను. దంతాలు టకటకలాడుతుంటే సత్తిబాబు తన కోటు తీసి నా మీద కప్పాడు. "ఫిబ్రవరిలో ఎవరైనా ఇలా వస్తారేంటండీ మావయ్యా" అని నవ్వాడు. ఆ కోటు చేతులు నా వేళ్ళు దాటి వేలాడేవి. ఉన్న రెండు వారాలూ నా వేషం అదే.

దజీజ్

మర్నాడు సత్తిబాబు నన్ను దజీజ్ తీసుకెళ్ళాడు. అంతా గోదాములే. వాళ్ళ గోదాములో నిలబడి చూస్తే నాకు కళ్ళు చెదిరాయి. పాకిస్తాన్ బాస్మతి, సిలోను టీ, గ్వాటిమాలా యాలకులు, డెన్మార్కు వెన్న డబ్బాలు. ఈ సరుకు తెప్పించడానికి ఎన్ని పర్మిట్లు కావాలని అడిగితే సత్తిబాబు బుర్ర గోక్కున్నాడు. "ఫోన్ చేస్తారండి. వస్తదండి" అన్నాడు. ఆదాయప్పన్ను లేదు. అమ్మకప్పన్ను లేదు. అక్కడి కుర్చీలో కూలబడి కాసేపు ఊరికే ఆ బస్తాల్ని చూస్తూ ఉండిపోయాను.

ఒక మూల కొబ్బరికాయలు కనిపించాయి. సిలోన్‌వి. పీచు సరిగ్గా తియ్యలేదు, కాయ చిన్నది, నీళ్ళు చాలామటుకు ఇంకిపోయాయి. బజార్లో ఒక్కోటి రెండు వందల ఫిల్సు, అంటే మన ఎనిమిది రూపాయలు. మా ఊళ్ళో రెండు రూపాయలకి ఇంతకు రెట్టింపు కాయ వస్తుంది. ఒళ్ళు మండింది కానీ, ఆర్డరు వస్తుందన్న ఆశ కూడా పుట్టింది.

"నువ్వే సొంతంగా ఒక కొట్టు పెట్టుకోరాదూ? పర్మిట్లే లేవంటున్నావు కదా" అన్నాను సత్తిబాబుతో.

"మనకి కుదరదండి. మనం ఏం చేసినా కఫీలు ఉండాలి. అంటే మన పూచీ తీసుకునే ఇక్కడి మనిషి. నాకు మా యజమానే కఫీలు. నా ఇఖామా ఈయన పేరు మీదే. ఇక్కడ ఉండటానికి ఇచ్చే కాగితం అదేనండి. పాస్‌పోర్టు ఆ బీరువాలో ఉంటది."

"ఇంకోచోటికి పనికి వెళ్ళాలంటే?"

"ఈయన సంతకం పెట్టి వదలాలండి. వదలకపోతే ఇంకెవరూ పెట్టుకోరు."

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. కానీ యాలకుల వాసనలో మునిగి ఉన్నానేమో, కొత్త దేశం, కొత్త పద్ధతి అనుకుని ఊరుకున్నాను.

జాబ్రియా, దివానియా

సత్తిబాబు యజమానిని అందరూ అబూ ఫహద్ అంటారు. ఫహద్ వాళ్ళ నాన్న అని అర్థం. యాభై అయిదేళ్ళుంటాయి. చిన్నప్పుడు తండ్రితో బొంబాయిలో పెరిగాడు. అందుకని బొంబాయి హిందీ దంచేస్తాడు. నాదీ బొంబాయి మార్కెట్లో నేర్చుకున్న హిందీయే కాబట్టి మొదటి మాటకే కలిసిపోయాం.

సోమవారం సాయంత్రం జాబ్రియాలో ఆయన ఇంటికి రమ్మన్నాడు. అక్కడ పెద్ద ఇళ్ళకి వీధివైపు ఒక హాలుంటుంది. దివానియా అంటారు. మన మండువా ఇళ్ళలో వీధి సావిడి ఉంటుందే, ఇంచుమించు అలాంటిది. మగవాళ్ళు వస్తారు, చెప్పులు విడిచి గోడల వెంట దిళ్ళకి ఆనుకుని కూర్చుంటారు. టీ వస్తూనే ఉంటుంది. ఆడవాళ్ళు ఆ గడప తొక్కరు. ఎన్నికల రోజులు కావడంతో హాలు కిటకిటలాడుతోంది.

అబూ ఫహద్ మాటలు వింటుంటే మా సంఘం తీర్మానాలు ఎవరో అరబ్బీలోకి మార్చారా అనిపించింది. వర్తకంలో సర్కారు వేలు పెట్టకూడదు. పేపర్లలో వార్తల్ని ఎవరూ కత్తిరించకూడదు. ఎప్పటికైనా ఆడవాళ్ళకీ ఓటు రావాలి. "మనిషి తన బతుకు తను దిద్దుకోవాలి సేఠ్. ఎక్కడ పనిచేస్తాడో, ఏం కొంటాడో, ఏం చదువుతాడో అతని ఇష్టం" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వదలలేదు.

అయితే ఆయన గుంపు చిన్నది. వర్తకులు, విదేశాల్లో చదివొచ్చిన కుర్రాళ్ళు. అక్కడ ఓటు హక్కే కొద్దిమంది మగవాళ్ళకి. ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఓటరు చేతిలో రెండు ఓట్లు. అందుకని రెండు గుంపులు కలిసి బేరం కుదుర్చుకుంటాయి. మీ రెండో ఓటు మావాడికి, మా రెండో ఓటు మీవాడికి. అబూ ఫహద్ గుంపు బేరం పెట్టుకున్నది సనాతనుల కూటమితో. ఆ కూటమి తరఫున పక్కింటి అబూ సాలిం వచ్చి మాకెదురుగా కూర్చున్నాడు. తెల్ల గడ్డం, చేతిలో తావళం, మాట తక్కువ. ఆడవాళ్ళ ఓటు మాట రాగానే తావళం ఆగేది. అబూ ఫహద్ వెంటనే బియ్యం ధరల్లోకి దిగేవాడు.

ఇదంతా నాకు బాగా తెలిసిన ఆటే. ఉత్సాహం ఆపుకోలేక నోరు జారాను. నిజానికి జారలేదు, గొప్ప చెప్పుకున్నాను. డెబ్బై ఎనిమిది ఎన్నికల్లో మేం పెద్ద పార్టీతో ఎలా సర్దుకున్నామో కథలా చెప్పాను.

మా వైపు పాలేరు ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా ఆ రైతుదే. ఏడాది నిండినా సరే, పాత రైతు "సరే, వెళ్ళనీ" అని నోటిమాట పంపితేనే ఇంకో కమతంలో పెట్టుకుంటారు. ఎక్కడా రాసిలేదు గానీ ఎవరూ తప్పరు. ఆ ఏడు అప్పన్న అనే పాలేరు కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు. అతని రైతు మాట పంపలేదు. అప్పన్న ఇంకొంతమందిని వెంటబెట్టుకుని మా సంఘానికి వచ్చాడు. స్వేచ్ఛ స్వేచ్ఛ అంటున్నారు కదా, మా సంగతేంటండీ అన్నాడు. న్యాయమే కదా అని ఆ ముక్క మా తీర్మానంలో నా చేత్తోనే రాశాను. పెద్ద పార్టీ నాయకుడు అది చదివి పెన్నుతో గీత కొట్టాడు. "ఇదుంటే పెద్ద రైతులు చెదిరిపోతారు. ధాన్యం రవాణా మీద ఆంక్షలు ఎత్తేయిస్తాం. ఇది మాత్రం ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నాడు.

"ఒప్పుకున్నాం" అన్నాను అబూ ఫహద్‌తో గర్వంగా. "చిన్న ముక్క వదిలి పెద్ద ముక్క పట్టాం. రాజకీయం అంటే అదే కదా."

అబూ ఫహద్ ఆ కథంతా అబూ సాలింకి అరబ్బీలో చెప్పాడు. తావళం మళ్ళీ తిరిగింది. అబూ సాలిం నావైపు చూసి మొదటిసారి నవ్వాడు. నాకు ఇంకో గ్లాసు టీ పొయ్యమని సైగ చేశాడు. ఆ టీ ఆఖరి చుక్క దాకా రుచిగా తాగాను.

అబ్బాసియా, శుక్రవారం

సత్తిబాబు కాపురం అబ్బాసియాలో. చిన్న ఫ్లాటు. వీధిలోకి దిగితే మలయాళీ హోటళ్ళు, దర్జీ కొట్లు, ఒకే గదిలో ఎనిమిదేసి మంది ఉండే బ్రహ్మచారి మేడలు. పరోటా, శనగల కూర కలిపి రెండు వందల ఫిల్సు. శుక్రవారం అందరికీ సెలవు. సత్తిబాబు భార్య రత్నం ఆ రోజు దేవుడి పటం ముందు దీపం పెడితే, చుట్టుపక్కల తెలుగువాళ్ళు వచ్చి రెండు కీర్తనలు పాడి పులిహోర తిని వెళ్తారు.

ఆ శుక్రవారం అలా వచ్చిన వాళ్ళలో ఓబులమ్మ ఉంది. రాయచోటి తాలూకా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. అబూ ఫహద్ ఇంట్లోనే పని. ఆయన్ని బాబా అనీ, ఇంటావిడని మామా అనీ పిలుస్తుంది. శుక్రవారం రెండు గంటలు వదులుతారు. డ్రైవరు తెచ్చి దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తాడు. నేను వాళ్ళ బాబాకి స్నేహితుణ్ణని రత్నం చెప్పగానే పులిహోర పళ్ళెం కింద పెట్టి నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"సారూ, నేనొచ్చి నాలుగేండ్లాయ. వొచ్చేటప్పుడు నా కొడుక్కు మూడేండ్లు. రెండేండ్లకొకసారి ఇంటికి పంపిస్తామన్యారు. ఎండాకాలమొస్తే బాబా వాళ్ళు లండన్‌కు పోతారు, ఇల్లు కాపలాకు నేనుండాల. తిరిగొచ్చినాక మామాకు పురుడు, లేకుంటే ఏదో పెండ్లి. ఎప్పుడూ ఏదో ఒగటి."

"మరి ఏం చేద్దామని?"

"ఈడ ఇండియా వాళ్ళ ఇస్కూలొకటుంది. ఆయా పనుందంట. ఇస్కూలు పెద్దమ్మ నన్ను సూసి సరేననె. ఎండాకాలం రెండు నెల్లు ఇస్కూలు మూసేస్తారు. ఆ రెండు నెల్లూ ఊరికి పోవొచ్చు. మావోడు నన్ను సూసి ఎవురో అనుకోకముందే ఒగసారి పోవాల సారూ. బుధవారం లోపల బాబా వదిలినట్టు కాగితం ఇస్తే పని నాది. ల్యాకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"అడిగావా?"

"మామాను అడిగినా. ఇన్నే ల్యా. బాబా ముందర నిలబడి నేను మాట్లాడల్యాను. మీరు ఒగ మాట చెప్పండి సారూ. మీరు ఆయప్ప పక్కనే కూచుంటారంట గదా."

ఆయన స్వేచ్ఛ కోసం పనిచేసే మనిషని, ఈ సంతకం ఆయనకి ఎడం చేతి పనని భరోసా ఇచ్చాను. ఆమె నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వారించాను. కింద డ్రైవరు హారన్ కొట్టాడు. సగం పులిహోర అలాగే వదిలేసి దిగిపోయింది.

ఆమె వెళ్ళాక సత్తిబాబు గుసగుసగా అన్నాడు. "మావయ్యా, మీరు కదపకండి ఆ విషయం. నాకూ ఆయనే కఫీలు. మీరు రెండు వారాలుండి వెళ్ళిపోతారు."

"నీకు ఆయన సంగతి తెలీదురా" అన్నాను నేను. పదేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నవాడితో!

శనివారం దజీజ్‌లో అబూ ఫహద్‌ని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తప్పకుండా. ఆమె మంచి మనిషి. ఇష్టమైన చోట పనిచేసుకోనీ. కాగితం టైపు చేయించి సోమవారం తీసుకురా, సంతకం పెడతాను" అన్నాడు. ఆ సాయంత్రం రత్నానికి ఫలూదా కొనిపెట్టాను. నా సిద్ధాంతం గెలిచిందన్న పొంగు అది.

డేరా

సోమవారం సాయంత్రం జాబ్రియాలో ఒక ఖాళీ స్థలంలో పెద్ద డేరా వేశారు. లోపల తివాచీలు, లైట్లు, బంగారు రంగు కుర్చీలు. వెనక గాడిపొయ్యి మీద గుండిగల్లో మేకమాంసం, బియ్యం ఉడుకుతున్నాయి. మన ఎన్నికల సభల్లో లారీల్లో తెచ్చిన జనానికి పొట్లాలిస్తారు. అక్కడ ఓటర్లు తమ కార్లలో తామే వచ్చి, పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. నేను శాకాహారిని. మాంసం తగలని బియ్యం ఏమైనా ఉందా అని అడిగితే వడ్డించేవాడికి నవ్వాగలేదు. ఖర్జూరాలతో సరిపెట్టుకున్నాను.

అబూ ఫహద్ గుంపు అభ్యర్థి లేచి స్వేచ్ఛ గురించి అరగంట మాట్లాడాడు. పక్కన కూటమి అభ్యర్థి. ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తారు. టైపు చేయించిన కాగితం నా కోటు జేబులో ఉంది. జనం పలచబడ్డాక అబూ ఫహద్ దగ్గరికి వెళ్ళి తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని మడత కూడా విప్పలేదు. అబూ సాలిం వైపు ఒకసారి చూసి నన్ను డేరా బయటికి తీసుకెళ్ళాడు.

"ఇప్పుడు కాదు సేఠ్. మా ఆవిడ అబూ సాలిం భార్యతో ఈ సంగతి చెప్పిందట. ఈ వీధిలో ప్రతి ఇంట్లో ఒక పనిమనిషి ఉంది. నా ఇంట్లోంచి ఒకామె సంతకం పుచ్చుకుని నడిచి వెళ్తే రేపు అందరూ అడుగుతారు. పనివాళ్ళని ఎగదోసేవాళ్ళకి మా రెండో ఓటు పడదు అన్నాడు అబూ సాలిం. ఆ ఓట్లు లేకపోతే మావాడు ఓడిపోతాడు."

"ఆమెకి బుధవారమే గడువు."

"పది రోజుల్లో ఎన్నికలు. ఆ తర్వాత చూద్దాం."

కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. అక్కడ అరవలేదు నేను. సత్తిబాబు కారు పక్కన నిలబడి రెండు చేతులూ జోడించి నన్నే చూస్తున్నాడు. కాగితం జేబులో పెట్టుకుని కారెక్కాను.

మంగళవారం

రాత్రి గడిచేసరికి కోపం పదింతలైంది. మంగళవారం సాయంత్రం దివానియా నిండుగా ఉన్నప్పుడు వెళ్ళాను. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి తివాచీ మీదికి నడిచాను. అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు.

"మనిషి ఎక్కడ పనిచేస్తాడో అతని ఇష్టం అన్నది మీరు కాదా? మీ బీరువాలో ఆమె పాస్‌పోర్టు పెట్టుకుని ఇక్కడ ఏ స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారు? సర్కారు పర్మిట్ అడిగితే అన్యాయం, మీరు పర్మిట్ అడిగితే ఆచారమా? మీ ఇంట్లో మీరే ఒక సర్కారు కదా!"

కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. వాళ్ళకి నా హిందీ అర్థం కాకపోయినా నా వేలు ఎవరివైపు ఉందో కనబడుతూనే ఉంది. అబూ ఫహద్‌కి కోపం రాలేదు. అదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. ఆయన ఎంతో మర్యాదగా, నాకు బోధపడాలన్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

"సేఠ్, కిందటి వారం ఇక్కడే కూర్చుని ఏం చెప్పావు? చిన్న ముక్క వదిలి పెద్ద ముక్క పట్టాలన్నావు. నేను సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. అబూ సాలిం నీ కథే నాకు గుర్తుచేశాడు. ఇండియాలో ఇంత తెలివైనవాళ్ళు ఆ దారిలో నెగ్గారు కదా, నువ్వెందుకు తొందరపడతావు అన్నాడు."

చాచిన వేలు దించేశాను.

"ఒకటి చెప్పు" అన్నాడాయన. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, ఎత్తిపొడుపు కాదు. "మీ ఎన్నికలయ్యాక ఆ పాలేరు విషయం చూశారా?"

చూడలేదు. మావాళ్ళు నెగ్గారు. ఆంక్షలు కొంత సడలాయి, మా సరుకు గోదావరి దాటింది. అప్పన్న రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి పంచాయతీ ఎన్నికలు రానీ అన్నాం. రెండోసారి నేను ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాను. ఫ్యాక్టరీ వాళ్ళు ఎన్నాళ్ళు చూస్తారు, ఇంకొకర్ని పెట్టుకున్నారు. అప్పన్న పాత రైతు దగ్గరే ఉండిపోయాడు.

"చూడలేదు" అన్నాను.

అబూ ఫహద్ తలూపాడు. ఎవరో నా ముందు టీ గ్లాసు పెట్టారు. తాగకుండా వచ్చేశాను. ఎండుకొబ్బరి ఆర్డరు గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటి మెట్లెక్కుతూ సత్తిబాబు, "నా ఇఖామా వచ్చే నెల ఈయనే పొడిగించాలండి మావయ్యా" అన్నాడు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ రాత్రి రత్నం చేసిన చారులో ఉప్పెక్కువైందని విసుక్కున్నాను.

వంటింటి కిటికీ

బుధవారం గడిచిపోయింది. శుక్రవారం సాయంత్రం నా విమానం. ఆ మధ్యాహ్నం కీర్తనలకి అందరూ వచ్చారు, ఓబులమ్మ రాలేదు. ఇక శుక్రవారాలు కూడా వదలనని మామా చెప్పిందని డ్రైవరు చెప్పిపోయాడు. నా అరుపులకి దొరికిన ఫలం అది. ఉన్న రెండు గంటలు కూడా పోయాయి.

విమానాశ్రయానికి వెళ్తూ జాబ్రియా మీదుగా పోనిమ్మన్నాను. సత్తిబాబు వద్దన్నాడు, మళ్ళీ వాడే బండి తిప్పాడు. ఇంటి వెనక సందులో వంటింటి కిటికీ ఉంది. ఇనుప చువ్వలు, వాటి వెనక దోమల జాలీ. ఓబులమ్మ గిన్నెలు తోముతోంది. నన్ను చూసి కొళాయి కట్టలేదు, నీళ్ళ చప్పుడులో మాట బయటికి పోదని.

"నన్ను క్షమించమ్మా" అన్నాను. "నా వల్ల నీకు ఉన్నదీ పోయింది."

"మీరు అరిసినారంట గదా సారూ. డ్రైవరు సెప్పినాడు. నాకోసరం ఇంతవరకూ ఎవురూ అరవల్యా." గిన్నె పక్కన పెట్టింది. "బాగనే ఉంది. కానీ మీరు అరిసి విమానమెక్కతారు. నేను ఈడనే ఉండాల. ఈసారి ఎవురికన్నా సాయం చేసేటప్పుడు అది ముందర అనుకోండి."

తల కొట్టేసినట్టయింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అప్పుచెప్పినట్టు చెప్పింది. నేనేం చెయ్యగలనని అడిగాను.

"పేపరుకు రాస్తారంట గదా మీరు. రాయండి. నా పేరుతో రాయండి. ఎవురో ఒగ పనిమనిషి అని రాయొద్దు. ఈ ఇంట్లో నాలుగేండ్లుగా నన్ను పేరు పెట్టి పిల్సినోళ్ళు ల్యారు."

"నీకు ఇబ్బంది అవుతుందేమో."

"వాళ్ళు తెలుగు యాడ సదువుతారు సారూ?" అని నవ్వింది. లోపల ఎవరో పిలిచారు. కొళాయి కట్టేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక

వచ్చిన వారం రోజులకి ఇదంతా రాసి మా సంఘం కార్యదర్శికి ఇచ్చాను. రెండు రోజులుంచుకుని తిరిగి తెచ్చాడు. గోదాములు, ధరలు, పన్నుల్లేకపోవడం, పూతరేకులు చాలా బాగున్నాయన్నాడు. అప్పన్న సంగతి, ఆ ఆడమనిషి సంగతి తీసెయ్యమన్నాడు. "మీరన్నది నిజమేనండీ. కానీ పెద్ద పార్టీ వాళ్ళు నొచ్చుకుంటారు. పొత్తు మాటలు నడుస్తున్నాయి. అవి తేలాక వేద్దాం" అన్నాడు.

ఆయన చేతిలోంచి కాగితాలు లాక్కున్నాను. మా సంఘంలో నా సభ్యత్వం కూడా ఆ పూటే వదిలేశాను. నేను వెళ్ళిపోతే వాళ్ళకి ఒక ఓటు తగ్గుతుంది, అంతే. కానీ ఇన్నేళ్ళూ మేం స్వేచ్ఛ అన్నప్పుడల్లా మా సరుకు గురించే అన్నామని, మనిషి గురించి ఎప్పుడూ అనలేదని ఒప్పుకునేవాడు ఒక్కడైనా ఉండాలి కదా. అందుకే మీరు దీన్ని సంఘం పత్రికలో కాకుండా ఇక్కడ చదువుతున్నారు.

నిన్న సత్తిబాబు ఉత్తరం వచ్చింది. వాడి ఇఖామా పొడిగించారట, గండం గడిచింది. ఎన్నికలయ్యాయి. రెండో ఓట్లన్నీ అనుకున్నట్టే పడ్డాయి, ఇద్దరూ నెగ్గారు. గోదాములో అందరికీ మిఠాయి పంచారట. అబూ ఫహద్ నన్ను అడిగినట్టు రాయమన్నాడట. ఓబులమ్మ మళ్ళీ అడిగితే కొత్త సభ కుదురుకోనీ అన్నాడట. స్కూల్లో ఆ పనికి ఇంకొకామె చేరింది.

ఓబులమ్మ కొడుక్కి ఏడేళ్ళు. ఈ ఎండాకాలం కూడా ఆమె ఆ ఇంటికి కాపలా ఉంటుంది.